ఎందుకు తిప్పాలె

ఏడో తరగతిలో భిన్నాల భాగహారం చెబుతుండగా దీప లేచి నిలబడింది. రాష్ట్రం సరిహద్దు అవతల, తర్లగూడ దాటి లోపలికి వెళ్ళే దారిలో ఉన్న ఆ మిడిల్ స్కూల్లో పిల్లలు ప్రశ్న అడగడం తక్కువ. పుస్తకం హిందీలో ఉంటుంది. ఇళ్ళల్లో కొందరిది తెలుగు, కొందరిది దోర్ల గిరిజనుల దోర్లీ. ఏదైనా అడగాలంటే ముందు ఏ భాషలో అడగాలో తేల్చుకోవాలి, అప్పటికి లెక్క అయిపోతుంది. దీప మాత్రం తేల్చుకుంది. బోర్డు మీది రెండో భిన్నాన్ని వేలితో చూపిస్తూ, "మేడమ్, దాన్నెందుకు తిప్పాలె?" అని అడిగింది.

గంగారత్నం చేతిలో సుద్దముక్క ఆగిపోయింది. 'ఉల్టా కరో, గుణా కరో' అని ఆమె అప్పటికే పిల్లలందరిచేతా కోరస్‌గా అనిపించింది. ఆమె చదివింది హిందీ సాహిత్యం. బడికి లెక్కల టీచరు రాకపోవడంతో ఆ పిరీడు ఆమె మీద పడింది. పొద్దున్నే లేచి, వంట మొదలుపెట్టకముందే ఆ రోజు లెక్కలన్నీ ఒకసారి చేసుకుని, జవాబులు సరిపోయాకే బడికి వచ్చేది. తిప్పి గుణిస్తే జవాబు వస్తుందని ఆమెకు తెలుసు. ఎందుకు వస్తుందో తెలియదు. అది నియమం, అట్లనే చెయ్యాలె అని చెప్పి తర్వాతి లెక్క రాసింది.

దీప కూర్చుంది. లెక్కలన్నీ ఒక్క తప్పు లేకుండా చేసి చూపించింది కూడా. కానీ పిరీడు అయ్యేదాకా మళ్ళీ బోర్డు వంక చూడలేదు. గంగారత్నానికి ఆ సాయంత్రం అన్నం సయించలేదు.

తర్వాతి సోమవారం బ్లాకు కేంద్రంలో మిడిల్ స్కూలు లెక్కల టీచర్లకు నాలుగు రోజుల ప్రశిక్షణ్ మొదలైంది. గంగారత్నం ఒక పూట ముందే బట్టలు సర్దుకుంది. అడగవలసింది అక్కడ అడగొచ్చు అనుకుంది.

శిక్షణ ఇచ్చే ఉపేంద్ర జగ్దల్‌పూర్ నుంచి వచ్చాడు. ముప్ఫై ఏళ్ళు ఉంటాయేమో. వాన బురదలో ఆయన తెల్లబూట్లు పాడైపోయినా మొహంలో చిరాకు లేదు. ప్రొజెక్టరు వైర్లు తనే విప్పి తనే కలుపుకున్నాడు. అందరికీ నమస్కారం చెప్పి, డిగ్రీలో గణితం చదివినవాళ్ళు చేతులెత్తండి అన్నాడు. కొద్దిమంది ఎత్తారు. వాళ్ళను ముందు బల్లల దగ్గర కూర్చోమన్నాడు. మిగిలినవాళ్ళను గోడవారగా, వెనక వేసిన జంపఖానాల మీదికి పంపాడు. ముందువాళ్ళు పాఠాలు తయారుచేస్తారట. వెనకవాళ్ళు ఆ పాఠాలకు కావలసిన సామగ్రి, అంటే చార్టులు, కాగితపు వృత్తాలు, రంగు పట్టీలు తయారుచేస్తారట. ఎవరికి వచ్చిన పని వాళ్ళు చేస్తే టైము కలిసొస్తుందని ఆయన చాలా మామూలుగా చెప్పాడు. అందులో ఎవరినీ చిన్నబుచ్చుతున్నానన్న ఆలోచనే ఆయనకు వచ్చినట్టు లేదు.

వెనక గుంపుకు కత్తెరలు, రంగు కాగితాలు, జిగురు సీసాలు వచ్చాయి. గంగారత్నం పక్కన కోసి అనే టీచరు కూర్చుంది. దోర్ల పిల్ల, ఉద్యోగంలో చేరి రెండేళ్ళు కూడా కాలేదు. ఆమెకు అటువైపు యేసుపాదం, వచ్చే వేసవికి రిటైరవుతాడు. ఇంతకాలంలో ఆయన బడిలో చెప్పని సబ్జెక్టు లేదు. కళ్ళద్దాలు నుదుటి మీదికి నెట్టుకుని, కాగితాన్ని మోకాలి మీద పెట్టి ఆయన తిన్నగా కోస్తుంటే కోసి తెలుగులో మెల్లగా అంది. "ఏంది అన్నా, మనం టీచర్లమా, పెళ్ళిపందిరికి తోరణాలు కోసేటోళ్ళమా?" యేసుపాదం నవ్వాడు గానీ కత్తెర ఆపలేదు.

మధ్యాహ్నం ఉపేంద్ర ఒక శుభవార్త అంటూ చెప్పాడు. గణితం చదివిన టీచరు లేని బడులకు పెద్ద టీవీలు ఇచ్చే ఆలోచన ఉందట. పాఠం టీవీలో వస్తుంది, తరగతిలో అల్లరి లేకుండా చూసుకుంటే టీచరు పని అయిపోతుంది. రేపో ఎల్లుండో జిల్లా నుంచి పెద్ద మేడమ్ వస్తారు, మాదిరి పాఠం చూసి ఆ సంగతి తేలుస్తారు. ముందు బల్లల వాళ్ళు తలూపారు. వెనక కత్తెరల చప్పుడు కాసేపు ఆగి మళ్ళీ మొదలైంది.

రెండో రోజు తెర మీదికి భిన్నాల భాగహారం వచ్చింది. మూడును మూడింట రెండుతో భాగించాలి. రెండో భిన్నం తెర మీద గిర్రున తలకిందులైంది, భాగహారం గుర్తు గుణకారమైంది, జవాబు నాలుగున్నర ఆకుపచ్చగా మెరిసింది. చూడ్డానికి బాగుంది. ఉపేంద్ర తర్వాతి పేజీకి వెళ్ళబోతుండగా గంగారత్నం లేచింది. ఒళ్ళో ఉన్న కాగితపు ముక్కలు జంపఖానా మీద రాలాయి. దాన్ని ఎందుకు తిప్పాలో చెప్పమని హిందీలో అడిగింది. పిల్లలు అడిగితే ఏం చెప్పాలో తనకు తెలియడం లేదని కూడా చెప్పింది.

హాల్లో ఒకరిద్దరు నవ్వారు. ఉపేంద్ర నవ్వలేదు. గడియారం చూసుకున్నాడు. అది నియమం మేడమ్‌జీ, ఇంకా చాలా పాఠాలు మిగిలాయి, వాట్సాప్ గ్రూపులో పెట్టండి, చూద్దాం అన్నాడు. తను దీపకు చెప్పిన మాటే, అదే తొందరలో, తనకు తిరిగి వచ్చింది. గంగారత్నం కూర్చుంది. ఆ పూట ఆమె కోసిన పట్టీలు ఒక్కటీ తిన్నగా రాలేదు. ముందు బల్ల దగ్గర్నుంచి ఒకతను మాత్రం వెనక్కి తిరిగి చాలాసేపు ఆమె వంకే చూశాడు. ఎందుకు చూస్తున్నాడో ఆమెకు అర్థం కాలేదు.

టీచర్లకు బస ఒక హాస్టల్లో ఇచ్చారు. క్లాసులు అయిపోయాక ఆ సాయంత్రం వాన పడుతుండగా గంగారత్నం, కోసి, యేసుపాదం ముగ్గురూ వరండాలో టీ తాగుతూ కూర్చున్నారు. వంకరపోయిన పట్టీలను పారెయ్యకుండా ఆ దోర్ల పిల్ల సంచిలో తెచ్చుకుంది. గంగారత్నం ఒకటి తీసి ఒళ్ళో పెట్టుకుని మడతపెట్టడం మొదలుపెట్టింది. ఎవరూ చెప్పకపోతే మనమే చూద్దాం అంది.

అర తేలిగ్గానే తేలింది. ఒక పట్టీలో అరపట్టీలు రెండు, మూడు పట్టీల్లో ఆరు. అంటే అరతో భాగించడమంటే రెండుతో గుణించడమే. యేసుపాదం మూడో వంతుతో చేసి చూశాడు, అదీ వచ్చింది. ముగ్గురికీ ఉత్సాహం వచ్చింది. ఇక మూడింట రెండు వంతులు. గంగారత్నం ఒక పట్టీని మూడు మడతలు పెట్టి, రెండు మడతల మేర కోసింది. ఈ ముక్క పట్టీలో ఎన్నిసార్లు పడుతుంది? ఒకసారి పడింది. ఒక మడత మిగిలింది.

"ఒకటి, మూడో వంతు," అన్నాడు యేసుపాదం.

కాదు, తిప్పితే మూడు బై రెండు వస్తుంది, అంటే ఒకటిన్నర రావాలి అంది కోసి. మిగిలింది మూడో వంతే కదమ్మా, కళ్ళ ముందు కనబడుతుంటే అన్నాడాయన. అయితే నియమం తప్పా అని ఆమె, నియమం ఎట్ల తప్పయితది అని ఆయన. ఇద్దరూ గొంతులు పెంచారు. గంగారత్నం మిగిలిన మడతను విడిగా తీసి, ఇంకో నిండు పట్టీ పరిచి, చూపుడువేలితో అటూ ఇటూ జరుపుతూ ఉండిపోయింది. పట్టీ పక్కన పెట్టింది. మూడో వంతే. తీసి ముక్క మీద పెట్టింది. ముక్కలో సగం కప్పింది. మళ్ళీ పట్టీ పక్కన పెట్టింది, మళ్ళీ ముక్క మీద పెట్టింది.

"అన్నా," అంది కాసేపటికి, మెల్లగా. "మనం కొలుస్తున్నది దేంతోని?"

"ఈ ముక్కతోని."

"మరి మిగిలిందాన్ని పట్టీతోని ఎందుకు కొలుస్తున్నం? అది పట్టీల మూడో వంతే. కానీ ఈ ముక్కల సగం. ముక్కతోని కొలిస్తే ఒకటిన్నర."

యేసుపాదం కళ్ళద్దాలు కిందికి దించుకుని ముక్కను చేతిలోకి తీసుకున్నాడు. చిన్నదాన్ని దాని మీద ఒక కొసన పెట్టి, జరిపి రెండో కొసన పెట్టాడు. సరిగ్గా సరిపోయింది. "ఇన్నేండ్లు చెప్పిన," అన్నాడు, ఎవరితోనూ కాదన్నట్టు. అప్పుడు కోసి వేళ్ళ మీద లెక్కపెడుతూ అంది, ఒక పట్టీలో ఒకటిన్నర పడితే మూడు పట్టీల్లో మూడు ఒకటిన్నరలు, నాలుగున్నర. తిప్పిన భిన్నం అంటే వేరే ఏదో కాదు, ఒకటిలో ఆ ముక్క ఎన్నిసార్లు పడుతుందో ఆ సంఖ్యే. అందుకే గుణిస్తాం.

వరండా స్తంభం దగ్గర ఎవరో నిలబడి ఉన్నారని వాళ్ళు అప్పుడు గమనించారు. పొద్దున వెనక్కి తిరిగి చూసినతనే. పేరు రాజేశ్వరరావు, ఎమ్మెస్సీ లెక్కలు. వాళ్ళ నాన్న ఆంధ్ర నుంచి గనుల్లో పనికొచ్చి బచేలీలో స్థిరపడ్డాడు. చేతిలో టీ గ్లాసు చల్లారిపోయి ఉంది.

"నేనూ కూర్చోవచ్చాండీ?" అని అడిగాడు. కూర్చుని, పొద్దున ఆమె ప్రశ్న అడిగినప్పుడు తనకు జవాబు తెలుసనుకున్నానని చెప్పాడు. బీజగణితంలో నాలుగు లైన్లలో రుజువు చెయ్యగలడట. కానీ దాన్ని ఏడో తరగతి పిల్లకు ఎలా చెప్పాలా అని పొద్దుటినుంచీ ఆలోచిస్తే ఒక్క మాటా దొరకలేదట. అందుకే సిగ్గేసి లేవలేదన్నాడు. తర్వాత ఆ ముగ్గురికీ ఇంకో సంగతి చూపించాడు. మూడింట రెండు బదులు ఐదింట మూడు తీసుకున్నా, ఏ భిన్నం తీసుకున్నా ఇదే పద్ధతి నడుస్తుందని ఒక కాగితం మీద అక్షరాలతో రాసి, ప్రతి లైనుకూ పట్టీలో ఏ మడత సరిపోతుందో గంగారత్నాన్నే అడిగాడు. ఆమె చెప్పింది. టీలు ఇంకోసారి వచ్చాయి. కోసి ఆ అక్షరాలను తన వేలితో ఒక్కొక్కటే దాటుకుంటూ చదివింది.

లేచి వెళ్ళబోతూ రాజేశ్వరరావు ఆగాడు. "రేపు జిల్లా మేడమ్ ముందు మాదిరి పాఠం నాదండీ. అది మీరు చెప్పండి."

గంగారత్నం కుదరదంది. తను వెనక కూర్చునే మనిషినంది. ఉపేంద్రతో తను మాట్లాడతానని, కాదంటే పిల్లల ముందుకు వెళ్ళాక సుద్దముక్క ఆమె చేతికిచ్చి తను పక్కకు తప్పుకుంటానని అతను చెప్పి వెళ్ళిపోయాడు.

మాట్లాడాడో లేదో తెలియదు గానీ, మర్నాడు పొద్దున పక్క బడి నుంచి ఏడో తరగతి పిల్లలను తీసుకొచ్చి హాలు మధ్యలో కూర్చోబెట్టినప్పుడు ఉపేంద్ర మొహం ఏమీ బాగాలేదు. జిల్లా నుంచి వచ్చిన మేడమ్ కుర్చీ వేసుకుని పక్కగా కూర్చుంది. నెరిసిన జుట్టు, నూలు చీర. రాజేశ్వరరావు సుద్దముక్క అందిస్తే గంగారత్నం లేచి నడిచినప్పుడు ముందు బల్లల దగ్గర గుసగుసలు వినబడ్డాయి. ఆమె బోర్డు మీద రెండు బై మూడు అని రాసి పెట్టింది గానీ అక్కడ నిలబడలేదు. పిల్లల మధ్య చాప మీద కూర్చుంది.

నలుగురికొక కట్ట చొప్పున పట్టీలు పంచింది. ముందు అరలు, తర్వాత మూడో వంతులు. హిందీలో మొదలుపెట్టింది, ఒక పిల్లవాడు తెలుగులో జవాబిస్తే తెలుగులోకి మారింది. గోడ పక్కన కూర్చున్న పిల్లలు కదలకపోతే కోసికి సైగ చేసింది. కోసి వెళ్ళి వాళ్ళ పక్కన చతికిలబడి దోర్లీలో చెప్పింది. అప్పుడు వాళ్ళ చేతులూ కదిలాయి. 'భిన్న్' అనే మాట గానీ 'ఉల్టా' అనే మాట గానీ గంగారత్నం ఒక్కసారీ వాడలేదు.

మూడింట రెండు వంతుల దగ్గర, ఆమె అనుకున్నట్టే, అమ్ము అనే పిల్ల నిలబడి ఒకటి, మూడో వంతు అని చెప్పింది. ఉపేంద్ర గోడ దగ్గర్నుంచి రెండడుగులు ముందుకు వేసి, తప్పు అనబోయాడు. గంగారత్నం అటు చూడకుండానే అరచెయ్యి ఎత్తి ఆగమన్నట్టు పట్టింది. ఆయన ఆగాడు. హాలంతా చూస్తుండగా తను ఆ పని చేశానని ఆమెకు తర్వాతగానీ తట్టలేదు. వేరే గుంపులో పిల్లవాడు ఒకటిన్నర అన్నాడు. రెండు గుంపులూ వాదించుకున్నాయి. ఎవరిది సరైనదో గంగారత్నం చెప్పలేదు. నువ్వు కొలుస్తున్నది దేంతోని బిడ్డా అని మాత్రం అమ్మును అడిగింది.

అమ్ము పెద్దముక్కను చూసింది. చిన్నదాన్ని దాని మీద పెట్టింది. తీసి పక్కన పెట్టింది. మళ్ళీ పెట్టింది. పెదవులు ఏదో లెక్కిస్తున్నట్టు కదిలాయి. తర్వాత ఆ పిల్ల లేచి, ఎవరూ పిలవకుండానే బోర్డు దగ్గరికి వెళ్ళింది. ఒకటిన్నర అని రాసి, కొట్టేసి, సగాలుగా మార్చి మూడు బై రెండు అని రాసింది. పక్కనే గంగారత్నం ముందుగా రాసి ఉంచిన రెండు బై మూడు ఉంది. అమ్ము రెండింటినీ మార్చి మార్చి చూసి వెనక్కి తిరిగింది.

"మేడమ్, గిది తలకిందులైంది."

పిల్లల్లో ఎవరో నవ్వారు, ఇంకెవరో మా దాంట్ల గూడా చూద్దం అన్నారు. గుంపులన్నీ కొత్త పట్టీలు అడిగాయి. ఐదింట మూడుతో చేసి, ఐదు బై మూడు వస్తే కేకలు వేశారు. చేసిచూసిన ప్రతి గుంపూ, నియమాన్ని తామే కొత్తగా కనిపెట్టినట్టు బోర్డు దగ్గరికి పరిగెత్తింది. ముందు బల్లల వాళ్ళు ఒక్కొక్కరే లేచి పిల్లల చుట్టూ చేరారు. ఇద్దరు కింద కూర్చుని తామూ మడతలు పెట్టుకున్నారు. యేసుపాదం వెనక నిలబడి కొత్త పట్టీలు కోసిచ్చాడు, చాలా తిన్నగా.

పిల్లలు వెళ్ళిపోయాక జిల్లా మేడమ్ ఆమెను ఏం చదివారని అడిగింది. హిందీ సాహిత్యం అని చెప్పింది గంగారత్నం. మేడమ్ టీవీల సంగతి మీకు చెప్పారా అని అడిగింది. చెప్పారంది. మరి మీరేమంటారు అంది మేడమ్. ఏమీ అనకుండా తలూపి రావడం గంగారత్నానికి అలవాటే. కానీ ఒళ్ళంతా సుద్దపొడితో, పిల్లల కేకలు ఇంకా చెవుల్లో ఉండగా ఆ అలవాటు పనికి రాలేదు.

"టీవీ పెట్టండి మేడమ్, వద్దనను," అంది హిందీలో. "పిరీడు మాత్రం మా దగ్గరే ఉంచండి. ఆ పిల్ల తప్పు చెప్పినప్పుడు టీవీ ఆగదు. మేము ఆగుతాం."

మేడమ్ నవ్వలేదు, పొగడలేదు. పిరీడు ఎవరి దగ్గర్నుంచీ తీసేది లేదని, ఆ మాట అక్కడే, అందరికీ వినబడేలా ఉపేంద్రతో చెప్పింది. తర్వాత నేల మీద పడి ఉన్న ఒక పట్టీని తీసి మూడు మడతలు పెట్టుకుంటూ బయటికి నడిచింది.

ఆ మధ్యాహ్నం భోజనాల దగ్గర ఉపేంద్ర పళ్ళెం పట్టుకుని వచ్చి గంగారత్నం ఎదురుగా కూర్చున్నాడు. చాలాసేపు అన్నం కలుపుతూనే ఉన్నాడు. మిగిలిన ముక్క సంగతి ఇంకోసారి చెబుతారా అని అడిగాడు చివరికి. ఆమె రొట్టెను మూడు ముక్కలు చేసి చెప్పింది. ఆయన విని, మిగిలిన ముక్కను నిండు రొట్టె పక్కనా, కలిపిపెట్టిన రెండు ముక్కల మీదా పెట్టి చూసి, తలూపి తినేశాడు. నాలుగో రోజు పొద్దున హాల్లోకి వచ్చేసరికి బల్లలన్నీ గోడలకు జరిపి ఉన్నాయి, జంపఖానాలు మధ్యలో పరిచి ఉన్నాయి. తెర ఎత్తేసి ఉంది. ఎవరు ఎక్కడ కూర్చోవాలో ఆ రోజు ఎవరూ చెప్పలేదు. పాఠం గంగారత్నం, కోసి కలిసి చెప్పారు. అక్షరాలతో రాయవలసి వచ్చినప్పుడల్లా రాజేశ్వరరావు లేచి బోర్డు మీద రాసి మళ్ళీ వచ్చి కింద కూర్చున్నాడు.

శుక్రవారం ఆమె తన బడిలో, ఏడో తరగతిలో పట్టీలు పంచింది. మొన్న నువ్వడిగినప్పుడు నాకు తెల్వక నియమం అన్న, ఇప్పుడు తెలిసింది అని దీపతో అందరి ముందూ చెప్పింది. దీప పట్టీని మడతపెట్టి, కత్తిరించి, మిగిలిందాన్ని చేతిలో పట్టుకుని చాలాసేపు కూర్చుంది. బెల్లు కొట్టినా లేవలేదు. వెళ్ళేముందు, ఇంకో రెండు లెక్కలు తనే కల్పించుకుని చేసి చూపించింది. తప్పు లేదు.

శనివారం బడి వదిలే వేళకు ఉపేంద్ర బండి మీద తడిసి ముద్దయి వచ్చాడు. ఆమె పాఠాన్ని వేరే బ్లాకుల్లో చెప్పించాలని పైనుంచి అడిగారట, ఆమె వస్తానంటే వచ్చే నెలనుంచే మొదలట. గంగారత్నం ఒక్కదాన్నే రానని, కోసీ యేసుపాదం కూడా రావాలంది. సరే అన్నాడు. పని అయిపోయింది, అయినా ఆయన కదల్లేదు. రుమాలుతో తల తుడుచుకుంటూ ఖాళీ తరగతిలో బెంచీ కొసన నిలబడ్డాడు. వరండాలో ఇంకా ఇంటికి పోని పిల్లలు ఇద్దరు ముగ్గురు తొంగిచూస్తున్నారు.

కాసేపటికి ఆయన, ఒక సంగతి అడగొచ్చా అన్నాడు. ఋణసంఖ్యను ఋణసంఖ్యతో గుణిస్తే ధనసంఖ్య ఎందుకు వస్తుంది? ఇంజనీరింగు చదివాడు, ఎన్ని శిక్షణలు ఇచ్చాడో లెక్కలేదు, ఎప్పుడూ నియమం అనే చెప్పాడు. రాత్రినుంచీ అదే బుర్రలో తిరుగుతోందట.

గంగారత్నం ఆలోచించింది. ఆమెకూ అది నియమమే. వరండాలో పిల్లలు వింటున్నారు.

"తెల్వదు," అంది తెలుగులోనే. ఆయన మొహం చూసి హిందీలో మళ్ళీ చెప్పింది, నాకూ తెలియదని. చెబుతూనే చీర కొంగు నడుముకు దోపుకుని, బోర్డు తుడిచి, కొత్త సుద్దముక్క విరిచి సగం ఆయన చేతికిచ్చింది.

"కూసోండి, చూద్దం."